లూయీ బ్రెయిలీ

ఫ్రాన్సుదేశపు రాజధానియైన పారిసునగరమునకు తూర్పుగా సుమారు 25 మైళ్ల దూరమున కూవ్రే అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమున సీమోన్ రెనే బ్రెయిలీ అను నతడు గుఱ్ఱములకు జీనులను, కళ్లెములను, తోలుపట్టీలను కుట్టి జీవించుచుండెను. రైతులకు గుఱ్ఱము లేనిదే దుక్కి సాగని కాలమది. కావున ఆతనికి పనికి కొదువ లేకుండెను. ఆతనికిని, ఆతని భార్యయగు మొనీకునకును కలిగిన నలుగురు బిడ్డలలో కడపటివాడు లూయీ. 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన జన్మించెను. ముదిమికి చేరువలో కలిగిన బిడ్డ యగుటచే తల్లిదండ్రులు వానిని మిక్కిలి గారాబముగ పెంచుచుండిరి.

బాలునకు మూడేండ్ల వయసున, తండ్రి యింటలేని సమయమున, వాడు పనిగదిలో ప్రవేశించి ఆటలాడుకొనుచు ఒక తోలుముక్కను, తోలుపనికి వాడెడి పదునైన పనిముట్టు నొకదానిని చేతబట్టెను. తండ్రి చేయు పనిని తానును చేయబోయెను. పనిముట్టు జాఱి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ దినములలో గాయములు చీము పట్టకుండ కాపాడు మందులు లేవు. గాయపడిన కన్ను చెడుటయే గాక, ఆ దోషము రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి బాలుడు పూర్తిగా అంధుడయ్యెను.

ఆ కాలమున పేదయిండ్ల అంధబాలురకు రెండే మార్గములు కానవచ్చుచుండెను. చర్చిద్వారముకడ కూర్చుండి యాచించుట యొకటి. సంతలలో జనుల పరిహాసమునకు పాత్రులై వాద్యములు మ్రోగించి నాలుగు కాసులు తెచ్చుకొనుట మఱియొకటి. సీమోన్ దంపతు లీ రెండిటిని అంగీకరింపలేదు. కుఱ్ఱవానిచేతికి కఱ్ఱ నిచ్చి ఊరివీధులలో నడువ నేర్పిరి. చేతనైన యింటిపనులు చెప్పిరి. గ్రామ పురోహితుడగు ఆబె పల్యీ వానిని చేరదీసి పాఠములు చెప్పెను. పిమ్మట బెషెరే అను బడిపంతులు వానిని కన్నులున్న బాలురతో బాటు తన బడిలో కూర్చుండబెట్టుకొనుటకు సమ్మతించెను. అంధుని బడిలో చేర్చుకొనవలెనని ఆయనను నిర్బంధించు నియమ మేదియు నాడు లేదు. చేర్చుకొనరాదని వారించునదియు లేదు. ఒక పల్లెటూరి పంతులు తన మంచితనముతో తీసికొన్న నిర్ణయము. లూయీ విన్నదానిని విన్నట్లు ధారణ చేయుచు తరగతిలో ముందుండెను. కాని తోటిబాలురు పుస్తకములు తెఱచినపుడు మాత్రము వాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెడిది.

పారిసులో అంధబాలురకొఱకు ప్రత్యేకముగ నొక విద్యాలయము కలదని పురోహితుడు వినియుండెను. దానిని 1785వ సంవత్సర ప్రాంతమున వాలాంతిన్ ఆయి అను సహృదయుడు స్థాపించెను. అంధులకు చదువు నేర్పవచ్చునని లోకమునకు చూపినవారిలో ఆయన అగ్రగణ్యుడు. దళసరి కాగితమును తడిపి, పెద్ద అక్షరపుదిమ్మలపై నొత్తి, అక్షరములు పైకి ఉబ్బునట్లు చేసి, అంధులచే వ్రేళ్లతో తడవి చదివించుట ఆయన పద్ధతి. గ్రామమునందలి ప్రభువొకడు సిఫారసు చేయుటచే లూయీకి అందు ఉచితముగ ప్రవేశము లభించెను. 1819వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, పదేండ్ల బాలుడు తండ్రి చేయి పట్టుకొని ఆ విద్యాలయ ద్వారమున అడుగిడెను.

ఆ భవనము సెంట్ విక్టర్ వీధిలో నుండెను. అది పురాతనమైనది, ఒకప్పుడు మతవిద్యార్థుల నివాసము, విప్లవకాలమున కారాగారముగను వాడబడెను. గోడలు చెమ్మ యూరుచుండెను. మెట్లు అరిగి, నడవాలు ఇరుకై, గాలియు వెలుతురును లేక యుండెను. కన్నులు లేనివారికి వెలుతురెందులకని యెవరైన తలచియుండిన, అది పొరపాటు. సూర్యరశ్మి చొరని యింట రోగము చొచ్చును. లూయీ ఊపిరితిత్తులు చెడుటకు ఆ భవనమే కారణమని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

నాటి అధ్యక్షుడు డాక్టరు గీయే నేత్రవైద్యుడు. అంధుల విద్యనుగూర్చి 1817లో నొక గ్రంథమును వ్రాసినవాడు. కాని తన విద్యాలయమున ఆతడు నడపిన శిక్షణము మిక్కిలి కఠినమైనది. బాలురను బాలికలను ఒకరి మాట యొకరు వినకుండునట్లు వేఱుచేసి యుంచిరి. నియమము తప్పినవారిని ఒంటరి గదిలో నిర్బంధించి, ఎండు రొట్టెయు నీరును మాత్రమే యిచ్చెడివారు. వ్యవస్థాపకుడైన వాలాంతిన్ ఆయి పేరు చెప్పుటయు అచ్చట నిషిద్ధమై యుండెను! చూపు గల బాలునకు ఒంటరి గది బాధాకరమే. అంధబాలునకో, స్నేహితుల మాటలును, అడుగుల చప్పుడును, తోడి చేతి స్పర్శయునే లోకము. ఆ లోకమును తీసివేసిన పిదప వానికి మిగులున దేమి? ఒకే శిక్ష యందఱకు ఒకేరీతిగ తగులదను సంగతిని ఆ వైద్యుడు గ్రహింపలేదు.

అయినను లూయీ అచ్చట వాడిపోలేదు. గాబ్రియేల్ గోతియే అను బాలుడు వానికి ప్రాణస్నేహితు డయ్యెను. వ్యాకరణము, చరిత్ర, గణితము, సంగీతము, అన్నిట బహుమానములు గొనెను. విద్యార్థులు చదువుతోబాటు చేతిపనులును నేర్వవలయును. నేత, అల్లిక, చెప్పులు చేయుట మున్నగునవి. లూయీ కొన్నేండ్లకే చెప్పుల పనిశాలకు మేస్త్రీగ నియమింపబడెను. తండ్రి పనితన మా వ్రేళ్లలో దాగియుండెను గాబోలు!

ఇక పుస్తకముల మాట. విద్యాలయ గ్రంథాలయమున నున్న ఉబ్బెత్తు పుస్తకములు మిక్కిలి కొద్ది. ఒక్కొక్కటి మోయలేనంత బరువు. అక్షర మెంత పెద్దదైనను, దాని వంపులను వ్రేలితో తడవి పోల్చుకొని, మఱియొక అక్షరమునకు పోవునప్పటికి మొదటిది మఱచిపోవు ప్రమాదము కలదు. ఇంతకంటె పెద్ద లోప మొకటి యుండెను. ఆ పద్ధతిని చదువవచ్చునే గాని, విద్యార్థి తన చేతితో వ్రాయుటకు వీలు లేదు. ఏండ్లతరబడి చదివిన అంధవిద్యార్థి ఒక చిన్న లెక్కను గాని, ఇంటికి ఉత్తరమును గాని తానుగ వ్రాసికొనలేకుండెను.

1821లో విద్యాలయమునకు రెండు మేళ్లు కలిగెను. గీయేను తొలగించి ఆ స్థానమున పీన్యే అను నాతనిని నియమించిరి. ఆతడు వైద్యులను రప్పించి బాలుర ఆరోగ్యమును పరీక్షింపజేసెను. వారిని బయట తోటలకు పంపు నేర్పాటు చేసెను. బాలురందఱు ఒక త్రాడు పట్టుకొని వరుసగ వీధులలో నడచిపోవుట చూచి పారిసు ప్రజలు ఆశ్చర్యపడెడివారట! అంతేగాక పీన్యే, అంతవఱకు గుమ్మము త్రొక్కనీయబడని వృద్ధ వాలాంతిన్ ఆయిని ఆహ్వానించి, విద్యార్థులచే గౌరవము చేయించెను. ఆ వృద్ధుడు మఱుసటి యేడు మరణించెను.

రెండవ మేలు షార్ల్ బార్బియే అను నాతని రాక. ఆతడు సైన్యమున పనిచేసిన యుద్యోగి. అక్షరములకు బదులు కాగితమున మొన గల పనిముట్టుతో చుక్కలు పొడిచి మాటలు వ్రాయు విధానము నొకదానిని కల్పించెను. విద్యార్థుల కది చూపగానే వారి వ్రేళ్లకు ప్రాణము లేచి వచ్చినట్లయ్యెను. గీతకంటె చుక్క వ్రేలికి సులభముగ తెలియును. దీనితో తాము స్వయముగ వ్రాయనుగూడ వచ్చును. అయితే ఆ విధానమున చిక్కులు పెక్కు. ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల స్థానములు. అంత గుర్తు వ్రేలికొన క్రింద ఇముడదు. అది ధ్వనులను వ్రాయునే గాని వర్ణక్రమమును చూపదు. విరామచిహ్నములు లేవు, అంకెలు లేవు, సంగీతస్వరములు లేవు. లూయీ కొన్ని సవరణలు సూచించెనని, వయసు మీఱిన బార్బియేకు ఆ బాలుని మాట రుచింపలేదని చెప్పుదురు.

లూయీ వాదమునకు దిగలేదు. పగలు పాఠములు, సాయంకాలము పనిశాల. కావున రాత్రులందు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు, కాగితమును చుక్కల పనిముట్టును చేతబట్టి ప్రయోగములు చేయుచుండెను. 1824 నాటికి, అనగా ఆతనికి పదునైదేండ్లు నిండునప్పటికి, ఆ లిపి చాలవఱకు సిద్ధమయ్యెను.

దాని నిర్మాణమును తెలిసికొనుట కష్టము కాదు. నిలువుగ మూడేసి చొప్పున రెండు వరుసలలో ఆరు స్థానములు. ఎడమవైపున పైనుండి క్రిందికి 1, 2, 3. కుడివైపున 4, 5, 6. ఏయే స్థానములలో చుక్క నుంచవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించినచో 63 వేర్వేఱు గుర్తు లేర్పడును. మొదటి పది అక్షరములను పైనున్న నాలుగు స్థానములతోడనే కూర్చెను. తరువాతి పదింటికి అవే గుర్తులకు మూడవ చుక్కను చేర్చెను. ఆ పిమ్మటి వానికి ఆరవ చుక్కనుగూడ చేర్చెను. కావున పది గుర్తులు నేర్చినవానికి మిగిలినవి దాదాపు నేర్చినట్లే. గుర్తంతయు ఒక్క తాకుడులో వ్రేలికొనకు అందును. వ్రేలిని పైకి క్రిందికి త్రిప్పనక్కఱ లేదు. వ్రాయునపుడు చట్రములో కాగితము నుంచి కుడినుండి యెడమకు పొడుచుకొని పోయి, కాగితమును త్రిప్పి యెడమనుండి కుడికి చదువుకొందురు. ఈ గుర్తులతోడనే అంకెలను, సంగీతమును గూడ వ్రాయు మార్గము నాతడు కల్పించెను. 1829లో ఈ పద్ధతిని వివరించు గ్రంథము ప్రకటింపబడెను. బార్బియే విధానమునకు తాను ఋణపడియున్నట్లు అందు లూయీ స్పష్టముగ చెప్పుకొనెను.

ఆతడు అదే విద్యాలయమున మొదట సహాయోపాధ్యాయుడై, 1833లో ఉపాధ్యాయుడయ్యెను. గోతియేయు, కోల్తా అను మఱియొక మిత్రుడును ఆతనితో బాటు ఆ పదవి పొందిరి. లూయీ వ్యాకరణము, భూగోళము, గణితము, సంగీతము బోధించెను. ఆతని తరగతిలో దండనము కొఱకు కఱ్ఱయు చీకటిగదియు అవసరము లేకుండెను. పాఠమును స్పష్టముగను, ప్రియముగను చెప్పుటయే ఆతని శాసనము. తప్పు చేసినవానితో ఒంటరిగ, కొద్ది మాటలలో మాటాడెడివాడు. తాను అదే బల్లలపై కూర్చుండి, అదే రొట్టె తిని, ఆ పాత నియమముల చేదు చవిచూచినవాడు గదా! 1834 నుండి సెంట్ నికొలా దే షాంప్ చర్చిలో ఆర్గన్ వాద్యమును గూడ వాయించుచుండెను.

ఇరువదియాఱేండ్ల ప్రాయమున ఆతనికి క్షయరోగ లక్షణములు కనబడెను. అయినను విశ్రమింపక, 1839లో మఱియొక విధానమును ప్రకటించెను. చుక్కల లిపిని చూపు గలవారు చదువలేరు గదా! అంధుడు తన తల్లికి ఉత్తరము వ్రాసిన ఆమె యెట్లు చదువును? అందుచే సాధారణాక్షరముల రూపమునే చుక్కలతో ఏర్పఱచు మార్గమును లూయీ కల్పించెను. ఫూకో అను అంధమిత్రుడు దానిని త్వరగ వ్రాయుటకు నొక యంత్రమును నిర్మించెను.

1840లో పీన్యే పదవినుండి తొలగింపబడెను. ద్యూఫో అను ఉపాధ్యాయుడు అధ్యక్షుడయ్యెను. ఆతడు బుద్ధిహీనుడు గాని, దుర్మార్గుడు గాని కాడు. అంధులనుగూర్చి విశేషముగ వ్రాసిన పండితుడు. కాని ఆతని దృష్టిలో చుక్కల లిపి ప్రమాదకరమైనది. అంధులకు వేఱు లిపి యున్నచో వారు లోకమునుండి వేఱుపడిపోవుదురనియు, చూపు గల ఉపాధ్యాయులకు ఆ వ్రాత తెలియదనియు తలచెను. స్కాట్లాండు దేశమున వాడుకలోనున్న ఉబ్బెత్తు అక్షరములవంటివానిని తెప్పించి, అవియే చదువవలెనని శాసించి, బ్రెయిలీ లిపిని నిషేధించెను. విద్యాలయము అంధుల నిమిత్తమే యేర్పడినది. నియమము మాత్రము చూపు గలవారి సౌకర్యమునుబట్టి యేర్పడెను!

నిషేధము కాగితముపై నుండెను. లిపి వ్రేళ్లలో నుండెను. మొన గల వస్తువేది దొరకినను చాలును. రాత్రివేళ నిద్రాశాలలో చుక్కలు పొడుచుకొనుటకు దీప మక్కఱలేదు. ఆ విషయమున అంధవిద్యార్థులకు పర్యవేక్షకులకంటె పైచేయి యుండెను. పెద్ద విద్యార్థులు చిన్నవారికి రహస్యముగ నేర్పుచుండిరి. దినచర్యలు వ్రాసికొనిరి, పాఠముల సారాంశములు వ్రాసికొనిరి, ఒకరి కొకరు ఉత్తరములు పంపుకొనిరి. పట్టుబడినవారి పనిముట్లను లాగికొని శిక్షించిరని చరిత్రకారులు వ్రాసిరి. కాని ఒక్కసారి తన చేతితో తన మాట వ్రాసి, తన వ్రేలితో తిరిగి చదువుకొన్న బాలుడు ఆ భాగ్యమును విడుచుట కెట్లు సమ్మతించును? వారు చేయునది అల్లరి కాదు, చదువు. ఒక బడిలో చదువుటయే నేరమైన వింతకాల మది.

లూయీ ఆ కాలమున రోగపీడితుడై తఱచు కూవ్రే గ్రామమునకు పోయి విశ్రాంతి తీసికొనుచుండెను. ఆతడు ఎవ్వరిపైనను పగబూనినట్లు గాని, విద్యార్థులను ఎదిరింపుమని పురికొల్పినట్లు గాని కానరాదు. ఆతని పక్షమున మాటాడినవాడు ఉపాధ్యక్షుడైన జోసెఫ్ గాదే. ఈతడు చూపు గలవాడు. విద్యార్థుల పనిని ఓపికతో పరిశీలించినవాడు. వారు రహస్యలిపిలో ఎంత వేగముగ వ్రాయుచున్నారో, ఉబ్బెత్తు అక్షరములను ఎంత ప్రయాసతో తడవుచున్నారో సరిపోల్చి చూచెను. ఆతడు నచ్చజెప్పగా ద్యూఫో తన మతమును మార్చుకొనెను. అధికారియై యుండి తాను విధించిన నిషేధమును తానే యెత్తివేయుట సామాన్య విషయము కాదు. ఆ కీర్తి ద్యూఫోకు దక్కవలసినదే.

1843 చివర విద్యాలయము ఇన్వలీద్ రాజమార్గమున క్రొత్తగ కట్టిన విశాలభవనమునకు మాఱెను. 1844వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. నగరప్రముఖులు సమావేశమైరి. గాదే ఆ సభలో బ్రెయిలీ లిపి చరిత్రమును, గుణములను ప్రశంసించుచు ప్రసంగవ్యాసము చదివెను. పిమ్మట విద్యార్థులచే ప్రదర్శనము చేయించిరి. సభలోనివారు చెప్పిన వాక్యములను ఒక విద్యార్థి చుక్కలతో వ్రాసికొనెను. అవి వినని మఱియొక విద్యార్థి వ్రేళ్లతో తడవి తప్పులేక చదివెను. సంగీతమును గూడ అట్లే వ్రాసి, చదివి చూపిరి. నిన్నటివఱకు దుప్పటి క్రింద దాచికొన్న విద్య నేడు నిండుసభలో మన్నన పొందెను. ఆ సభలో లూయీ కూర్చుండియుండెను.

తరువాత ఆరోగ్యము కొంత కుదుటపడి మరల కొంతకాలము పాఠములు చెప్పెను. 1851 డిసెంబరులో రక్తము వెడలి మంచము పట్టెను. 1852వ సంవత్సరము జనవరి 6వ తేదీన, 43 ఏండ్లు నిండిన రెండుదినములకు, మిత్రుల నడుమ కన్నుమూసెను. స్వగ్రామమున, తండ్రి సమాధి యున్న శ్మశానముననే ఆతనిని ఖననము చేసిరి.

ఆతని వస్తువులలో చిన్న పెట్టె యొకటి కలదు. దానిని తెఱువకయే కాల్చివేయవలసినదని ఆతడు కోరియుండెను. మిత్రులు కుతూహలము నాపుకొనలేక తెఱచి చూచిరి. అందు నిండ అప్పుపత్రములు! తనయొద్ద సొమ్ము తీసికొన్న విద్యార్థులు వ్రాసి యిచ్చినవి. జీతము స్వల్పమైనను, అందులోనుండి వారికి సాయపడుచు, తన మరణానంతర మెవ్వరును వారిని బాకీ యడుగకుండునట్లు ఆతడు చేసిన యేర్పాటది. చూచినవారు సిగ్గుపడి ఆ పత్రములను అగ్నిపాలు చేసిరి.

1854లో ఫ్రాన్సున ఆ లిపికి అధికారికముగ గుర్తింపు లభించెను. 1878లో పారిసున జరిగిన అంతర్జాతీయ సభ అంధుల విద్యకు దానినే యోగ్యమైనదిగ నిర్ణయించెను. ఇతరదేశములు ఒకటొకటిగ దాని నవలంబించెను. మనదేశమున ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధముగ చుక్కలను వాడుచుండగా, 1951లో భారతీయ భాషలన్నిటికిని ఉమ్మడిగ భారతీ బ్రెయిలీ ఏర్పడెను. తెలుగునకును అదియే. ఒకటవ చుక్క యొక్కటియే యున్నచో అది అకారము. 1, 3 చుక్కలు కకారము. 1, 2, 3 చుక్కలు లకారము. కావున కల అను మాటను వ్రాయుటకు అంధబాలునకు కావలసినవి అయిదు చుక్కలే.

మరణించిన నూఱేండ్లకు, 1952లో, ఫ్రాన్సు ప్రభుత్వము లూయీ బ్రెయిలీ అస్థికలను కూవ్రే నుండి పారిసునకు తెప్పించి, జాతీయ మహాపురుషులు విశ్రమించు పాంతెయోన్ మందిరమున నుంచెను. గ్రామస్థులు ఆతని చేతులను మాత్రము పంపలేదు. అవి ఒక చిన్న పాత్రికలో, కూవ్రే శ్మశానమున, ఆతని సమాధికడనే యున్నవి.